ఏ ఏడాది లెక్కన, సార్?

సంక్రాంతి వెళ్లి మిరపకాయలు కల్లాల్లోకి వచ్చాక నా దగ్గరికి కడుపునొప్పి పిల్లలు ఎక్కువవుతారు. నేను మానసిక వైద్యుణ్ణి. మామూలుగా కడుపునొప్పికి నా గది వెతుక్కుంటూ ఎవరూ రారు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గ్యాస్ బిళ్లలు, గుంటూరులో ఎండోస్కోపీ, రెండు స్కానింగులు, మధ్యలో ఒక తాయెత్తు అయ్యాక, అంతా నార్మల్ అని రాసిన ఫైలు పట్టుకుని వస్తారు. పరీక్షల కాలం కూడా అదే కాబట్టి చదువు ఒత్తిడి అని రాసి పంపడం తేలిక. అది సగం నిజమే. మిగతా సగం మిర్చి యార్డులో ఉంటుంది.

2025 మార్చిలో వచ్చిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను, ఆనవాళ్లు మార్చి. తండ్రికి రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. పిల్లను హాస్టల్లో పెట్టి బైపీసీ చదివిస్తున్నాడు. ఇంటర్ పరీక్షలు అయిపోయాయి, నీట్‌కు ఇంకా నెలకు పైనే ఉంది. అంతకు రెండేళ్ల ముందు క్వింటాలు ఇరవై వేలు దాటిన మిరప ఆ సీజనులో పదకొండు వేల దగ్గరికి పడింది. కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద 11,781 రూపాయల ధర ప్రకటించింది కానీ, ఈయన అప్పటికే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కోల్డ్ స్టోరేజీలో పెట్టి వాటి మీద అప్పు తెచ్చుకున్నాడు.

"దానికివేమీ తెలియవండీ, చదువు చెడుతుందని ఇంటి సంగతులు చెప్పం" అంది తల్లి. ఆమెను బయట కూర్చోమన్నాను. కమీషన్ కొట్టుకు ఎంత, సొసైటీకి ఎంత, మేనమామకు ఎంత, ఎవరిది నూటికి రెండు వడ్డీ, ఆ పిల్ల గడగడా చెప్పేసింది. ఎట్లా తెలుసమ్మా అంటే, "ఆదివారం ఫోన్లో నాన్న మాట తీరును బట్టి తెలిసిపోద్ది సార్. మిగతాది తమ్ముడు చెప్తాడు" అంది.

ఇలాంటి పిల్లలకు నేను ఓపీ చీటీ వెనక తొమ్మిది మెట్ల నిచ్చెన గీసి ఇస్తాను. పై మెట్టు అన్నిటికంటే మంచి బతుకు, కింది మెట్టు అన్నిటికంటే చెడ్డ బతుకు. నువ్వెక్కడున్నావు, కొన్నేళ్లకు ఎక్కడుంటావు? ప్రశ్న నాది కాదు. అమెరికన్ మనస్తత్వవేత్త హాడ్లీ కాంట్రిల్ 1965లో ప్రచురించిన పుస్తకంతో ఈ నిచ్చెన పేరుకెక్కింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే యంగ్ లైవ్స్ పరిశోధకులు దాన్నే మన తెలుగు పిల్లల ముందు పెట్టారు. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు వేల మంది పిల్లలతో మొదలుపెట్టి, వాళ్లు పెద్దవాళ్లయ్యేదాకా వెంట ఉన్న పరిశోధన అది. శ్రీకాకుళం, అనంతపురం, మహబూబ్‌నగర్ వంటి జిల్లాలున్నాయి గానీ గుంటూరు, ప్రకాశం లేవు. నాకది లోటే. నాలుగు దేశాల్లో సేకరించిన ఆ సమాచారాన్ని పరిశీలించి స్టెఫాన్ డెర్కాన్, ప్రమీలా కృష్ణన్ 2009లో ఒక వ్యాసం రాశారు. ఇంటి ఆర్థిక స్థితికీ పిల్లల ఆత్మగౌరవానికీ, తన బతుకు తన చేతుల్లో ఉందన్న నమ్మకానికీ, రేపటి మీద ఆశకూ ముడి ఉందని అందులో చూపించారు.

ఆ అమ్మాయి నిచ్చెన వంక కాసేపు చూసి, "ఏ ఏడాది లెక్కన సార్? నిరుడా, ఇప్పుడా?" అంది.

నెలజీతం ఇంటి పిల్లకు రాని సందేహం అది. 1987-88లో పత్తి మీద తెల్లదోమ పడినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021-22లో మిరపను నల్ల తామర పురుగు తినేసింది. ఇక్కడి ఇల్లు ఒక్క సీజనులో మూడు మెట్లు దిగుతుంది, మరో సీజనులో రెండెక్కుతుంది. మరి నాలుగేళ్ల తర్వాత అని అడిగితే, "సీటొస్తే ఎనిమిది" అని పెన్సిలు పక్కన పెట్టేసింది. సీటు రాకపోతే ఎన్నోదో చెప్పలేదు. పత్తి, మిరప వేసే ఇళ్లలో ఇప్పుడు మూడో పంట నీట్. దానికీ పెట్టుబడి ముందే పెట్టాలి, రేటు ఎవరో వేస్తారు.

చచ్చిపోవాలని అనిపిస్తుందా అని నేరుగానే అడిగాను. అడిగితే లేని ఆలోచన పుడుతుందని పెద్దలు భయపడతారు గానీ ఆ భయం అక్కర్లేదు. తల్లిదండ్రులను అడిగేది వేరే ఉంది, పురుగుమందు ఎక్కడ పెడతారని. ఈ వయసు పిల్లలున్న ఇంట్లో అది అడగక తప్పదు. 2012లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం మన దేశంలో ఆత్మహత్య చేసుకున్న ఆడవాళ్లలో 56 శాతం, మగవాళ్లలో 40 శాతం 15-29 ఏళ్ల వాళ్లే. మందు పెట్టెకు తాళం వేయమని నేనూ చెబుతాను, కానీ దాని మీద పెద్ద ఆశ లేదు. శ్రీలంకలో 180 ఊళ్లు తీసుకుని, సగం ఊళ్లలో ఇళ్లకు తాళాల పెట్టెలిచ్చి చూస్తే తేడా ఏమీ రాలేదని 2017లో తేలింది. అదే దేశంలో అతి విషపూరితమైన మందులను అమ్మకం నుంచే తీసేశాక మరణాలు బాగా తగ్గాయి. అందుకే మిగిలిన మందు ఇంటికి తేవద్దంటాను. 14416 టెలీ మానస్ నంబరు చీటీ మీద రాసిస్తాను, రాత్రీ పగలూ పలుకుతుంది.

కాలేజీలో కౌన్సెలర్ లేరా అని అడిగితే, ఉన్నారు, మా జువాలజీ సారే అంది. బిహార్‌లోని నలంద జిల్లా బడుల్లో జరిగిన సెహెర్ పరిశోధన ఫలితాలు 2018లో వచ్చాయి. శిక్షణ పొందిన మామూలు కౌన్సెలర్‌ను పెట్టిన బడుల్లో పిల్లల దిగులు, ఏడిపింపులు తగ్గాయి. అదే పని టీచర్లకు అప్పగించిన బడుల్లో ఏ ఫలితమూ లేదు. మార్కులేసే మనిషికి పిల్లలు మనసులో మాట చెప్పరని నా అభిప్రాయం. ఆ పరిశోధకులు ఈ మాట అనలేదు.

తండ్రిని పిలిచి, అప్పు లెక్క పిల్లకు మీరే చెప్పండి అన్నాను. "ఆడపిల్లకు అప్పులు చెప్పుకుంటామా డాక్టరు గారూ" అని తల దించుకున్నాడు. అందరికీ నేనీ సలహా ఇవ్వను. తాగి వచ్చి లెక్కలు చెప్పి బెదిరించే తండ్రులూ ఉన్నారు. ఈయన ఆ కోవ కాదు. చివరికి జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి, నా బల్ల మీదే పెట్టి, ఒక్కో పద్దూ చదివాడు. కోల్డ్ స్టోరేజీ మీద తెచ్చిన డబ్బు కొట్టు బాకీకే కట్టేశాడట. తమ్ముడు రెండూ కలిపి అక్కకు చెప్పాడు. అసలు అప్పు ఆ పిల్ల మోస్తున్నదానికంటే తక్కువే తేలింది. పెన్నడిగి తీసుకుని, వడ్డీ కూడిక తానే మళ్లీ చేసి చూసుకుంది.

ఆ ఏడు మెడికల్ సీటు రాలేదు. బీఎస్సీ నర్సింగ్‌లో చేరింది. పరీక్షల ముందు నొప్పి ఇంకా వస్తూనే ఉందట. స్కానింగులకు మాత్రం తిరగడం లేదు.