ద్వీపయాత్రకు మా లెక్క

బడిపంతులుగారి ఇల్లాలు సముద్రము దాటి ద్వీపమునకు విహారము పోదలచినదని విన్నచో మీలో కొందఱు నవ్వవచ్చును. మొదట మేమును నవ్వుకొంటిమి. చిన్ననాట మా తండ్రిగారు మాకు అమరము చెప్పుచు, ఇరువైపుల నీరు గలది గనుక ద్వీపమను పేరు కలిగెనని వివరించిరి. నాటినుండియు, చుట్టును నీరుగల నేలపై నొక్క యుదయమైన నిలిచి చూడవలెనని మాకు కోరిక. పెండ్లియై, ఇద్దఱు బిడ్డల తల్లిమై, పదునాఱేండ్లు సంసారము నడపునప్పటికి ఆ కోరిక పోపులపెట్టె క్రింద నెక్కడనో అణగిపోయినది.

రెండేండ్ల క్రిందట మా అమ్మాయి చరిత్రపాఠము చదువుచు, అండమాను కారాగారమును గూర్చి తండ్రిని ప్రశ్నించినది. 1896లో మొదలిడి 1906లో ముగించిన ఆ కట్టడమున వందలకొలది ఒంటికొట్లు గలవనియు, ఏడు శాఖలలో నేడు మూడు మాత్రమే మిగిలియున్నవనియు, మన మన్యమున 1922-24 సంవత్సరములలో పోరాడిన అల్లూరి సీతారామరాజుగారి అనుచరులలో కొందఱు ఆ ద్వీపమునకే పంపబడిరనియు మావారు చెప్పిరి. "మనం వెళ్లి చూడలేమా నాన్నగారూ?" అని పిల్ల అడుగగా వారు మా మొగము చూచిరి, మేము వారి మొగము చూచితిమి. ఆ నెలనుండియే నెలకు 2,000 రూపాయల చొప్పున వేఱొక ఖాతాలో వేయసాగితిమి. ఇరువదినాలుగు నెలలకు 48,000 రూపాయలైనవి. ఆ మొత్తమునకు లోబడి యాత్ర సాగవలెనని మా నియమము.

లెక్క వ్రాయ కూర్చున్నప్పుడు మొదటి చిక్కు కాలముతోనే వచ్చినది. అండమానున పుష్యమాఘములు మిక్కిలి హితమైన కాలము. అయితే సంక్రాంతి సెలవులు పది దినములకు మించవు; పండుగనాడు ఇల్లు విడుచుట అత్తగారికి సమ్మతము గాదు. చెన్నపట్టణమునుండి విమానము రెండు గంటలు దాటినంతనే చేర్చును. కాని నలుగురికి రానుపోను విమానపు మూల్యమే మా సొమ్ములో సగమునకు పైగా మ్రింగివేయును. ఓడయో, సుమారు 1,200 కిలోమీటర్ల దూరమునకు పోవుటకు మూడు దినములు, వచ్చుటకు మూడు దినములు పట్టించుకొనును. పది దినముల సెలవులో ఆఱు దినములు నీటిమీదనే గడచిన నిక చూచుట కేమి మిగులును?

అప్పుడు మాకొక సంగతి తోచినది. ఉపాధ్యాయుని యింట కొఱత ధనమునకే గాని దినములకు గాదు. మన రాష్ట్రమున బడులు ఏప్రిలు నెల చివరను మూయబడి జూను రెండవ వారమున గాని తెఱవబడవు. నైరృతి ఋతుపవనము కేరళమునకన్న ముందుగా, సాధారణముగ మే నెల మూడవ వారమునకు, అండమాను సముద్రమును చేరును. సెలవులిచ్చిన వెంటనే బయలుదేఱి మే నెల పదవ తేదీ లోపల తిరిగివచ్చినచో, ఎండయు ఉక్కయు మిక్కుటముగ నున్నను కడలి ప్రాయికముగ నెమ్మదిగ నుండును. ఉద్యోగముల ఒత్తిడి గలవారు ధనమిచ్చి దినములు కొందురు. మేము దినములిచ్చి ధనము మిగుల్చుకొనవలెనని నిశ్చయించితిమి. ఓడయే మాకు తగినది.

శ్రీకాకుళము జిల్లావారమైన మాకు విశాఖపట్టణపు రేవు దగ్గఱ. కాని అక్కడినుండి ఓడలరుదు. చెన్నపట్టణమునుండి తఱచుగ పోవును. ఓడలో బంకు అను సామాన్యపు పడకలును, రెండవ తరగతి, మొదటి తరగతి గదులును గలవు. బంకులో వరుసలుగా క్రిందను మీదను పడకలుండును; మూల్యము స్వల్పము. తేదీలు ఒకటి రెండు దినములు ముందు వెనుకలగుట కలదు గనుక, తిరుగు రైలునకు తొందరపడి చీట్లు కొనరాదు. ప్రతివారును గుర్తింపుపత్రము చేత నుంచుకొనవలెను. తల త్రిప్పుడు గలవారు ఖాళీ కడుపుతో గాని నిండు కడుపుతో గాని ఉండక, గాలి తగులుచోట కూర్చుండి దూరపు దిగంతమును చూచుచుండిన కొంత నెమ్మది కలుగును.

మావారు లెక్కలో మిగులుబాటు వెదకుచు, "చిన్న పొయ్యి యొకటి పట్టుకుపోతే భోజనాల ఖర్చు తప్పుతుంది కదా" అనిరి. "పొయ్యి వచ్చేటట్లయితే నేను రాను. అక్కడా వంటే అయితే ఇల్లేమి పాపం చేసింది?" అంటిమి. వారు నవ్వి ఆ పద్దు కొట్టివేసిరి. జంతికలు, అటుకులు, పులిహోరపొడి మాత్రము వెంట నుండునట్లు ఒప్పందమైనది. ఆ ద్వీపములలో 2011 జనాభాలెక్కల ప్రకారము వందకు సుమారు పదముగ్గురు తెలుగు మాటలాడువారే; మా జిల్లానుండి పోయి స్థిరపడినవారును పలువురు గలరు. కావున అన్నమునకును మాటకును మొగము వాచునట్లుండదని ధైర్యము.

2024 మొదలు శ్రీవిజయపురమని పిలువబడుచున్న పోర్టుబ్లేయరులో బజారునకు చేరువగ సామాన్యపు బసలో ఉండి, ఊరిబస్సులలో తిరుగుట. 2018 వఱకు హావెలాకు అను పేరుండిన స్వరాజ్ ద్వీపమునకు పోయి రాధానగరు ఇసుకతిన్నెలపై నొక సాయంకాలము గడపుట. అందుకు ప్రయివేటు వేగపుపడవ. అచ్చటినుండి షహీద్ ద్వీపము. పిల్లలిద్దఱు సముద్రగర్భమున నీదుటకు 7,000 రూపాయలు - ఇట్లు పద్దులన్నియు వ్రాసితిమి. అడవిదారిని జారవా జాతివారి సీమ మీదుగా పోవు యాత్రను మాత్రము మొదటనే వలదనుకొంటిమి. తమ త్రోవను తాము బ్రదుకు మనుజులను వేడుకకై చూడబోవుట మాకు రుచింపలేదు. మొత్తము 47,600 అయినది. మా సంతోషమునకు మేర లేదు.

ఆ రాత్రి భోజనములైన పిమ్మట మావారు లెక్కను బిగ్గఱగ చదివిరి. అత్తగారు గోడకానుకొని వినుచుండిరి. వారికి డెబ్బదిరెండేండ్లు. చదువుట ముగియగనే, మేమేమియు అడుగకముందే, "తులసికోటకి నీళ్లెవరు పోస్తారని చూడకమ్మా, నేనుంటాను కదా" అనిరి.

అప్పటికి గాని మాకు తెలియలేదు. నలుగురని వ్రాసితిమే గాని, ఇంట నున్నది అయిదుగురు. ఆ రెండేండ్లలో నొక్కనాడైనను ఆమెను లెక్కింపవలెనన్న తలంపు మాకు గాని, ఆమె కడుపున పుట్టిన మావారికి గాని కలుగలేదు. ఇంకొక మాటయు దాచక చెప్పెదము. ఆమె అట్లనినప్పుడు మాకు మొదట కలిగినది సిగ్గు గాదు, ఊరట. లెక్క చెడకుండ గడిచినదనుకొంటిమి.

రెండు దినములైన పిమ్మట అరుగుమీద బియ్యమేఱుచు అత్తగారు మా అబ్బాయిని మెల్లగ అడుగుట లోపలినుండి వింటిమి: "ఒరే, ఓడ మీంచి చూస్తే ఎటు చూసినా నేల కనపడదట. నిజమేనా?" వాడు నిజమేనని చెప్పి చేతులతో గిరగిర తిరిగి చూపినాడు. "అలాగా!" అని ఆమె చాలసేపు చేట కదలింపక కూర్చుండిరి. బాల్యమునుండి కడలిచెంతనే పెరిగి, మాఘస్నానములకు ఒడ్డుననే మునిగి లేచి, ఆవలికి పోవు నావలను చూచుటయే గాని ఎక్కి యెఱుగని మనిషి. దినములు మాకు పుష్కలమని గర్వించితిమే, ఆమెకు మిగిలినవెన్ని?

ఆ రాత్రి మావారిని కూర్చుండబెట్టి లెక్క మరల మొదటినుండి వ్రాసితిమి. అయిదవ తలకు 9,500 రూపాయలు కావలసెను. ప్రయివేటు వేగపుపడవను విడిచి, నెమ్మదిగ పోయినను సులభమైన ప్రభుత్వపు పడవను వ్రాసికొంటిమి. షహీద్ ద్వీపమును కొట్టివేసితిమి. పిల్లల ఈతయు పోయినది. దానికి బదులు వండూరువద్ద మహాత్మాగాంధి సముద్రోద్యానమున, అడుగున అద్దము గల పడవనెక్కి పగడపుదీవులను అందఱమును చూడవచ్చును. మోకాళ్ల నొప్పులున్నవారును చూడవచ్చును. అమ్మాయి ఒక పూట మూతి ముడుచుకొన్నది. పిదప తానే వచ్చి నానమ్మ చీరలెన్ని పెట్టవలెనని అడిగినది. ఓడలో తండ్రికిని బిడ్డలకును బంకు. అత్తగారికిని మాకును రెండవ తరగతి గదిలో పడకలు, ఆమెకు క్రిందిది. వైద్యునికి చూపించి, మందులు వ్రాయించుకొని, పోవచ్చునన్న మాట తీసికొంటిమి.

ఈ సంగతి చెప్పినప్పుడు అత్తగారు సంతోషము చూపలేదు. "నాకెందుకమ్మా దండగ" అనిరి. మఱునాడు ప్రక్కింటివారి కోడలిని పిలిచి, తులసికోటకు ఏ వేళ నెన్ని చెంబుల నీళ్లు పోయవలెనో చూపుచుండిరి.

ఏప్రిలు నెలకు ఇంక నాలుగు నెలలున్నవి. అచ్చట సాయంకాలము అయిదున్నర మొదలుకొనియే ప్రొద్దు క్రుంకునట, తెల్లవారుటయు పెందలకడనే. కావున చూడదగినవి ఉదయముననే చూడవలెనని పుస్తకమున వ్రాసికొంటిమి. పగడములను, వాటి తునుకలను ఏరి తెచ్చుట చట్టవిరుద్ధమని పిల్లలకు ఇప్పటినుండియే చెప్పుచున్నాము.

సోదరీమణులారా! మీలో నెవరైన ఇట్టి యాత్రకు పూనుకొన్నచో, నెలకింతయని ముందునుండి కూడబెట్టుడు. మీకు కొఱత ధనమో దినములో తెలిసికొని ఓడయో విమానమో ఎంచుకొనుడు. అన్నిటికన్న ముందుగా, రూపాయల పట్టీ పట్టకమునుపే ఇంటిలోని తలలను ఒకమాఱు లెక్కించుకొనుడు. ఆ పని మేము ఆలస్యముగ చేసితిమి.