పిండివంటలలో చిత్రపు పని

విందులకును వేడుకలకును పిండివంటలు చేయుట మనకు క్రొత్త గాదు. కాని పిండిని నాలుకకొఱకే గాక కంటికి నింపుగా తీర్చుట యొక విద్య యని మన పెద్దవారు గ్రహించిన సంగతిని మన మిప్పుడు మఱచుచున్నాము. అంగడివా డట్టపెట్టెలో పెట్టి యిచ్చిన మిఠాయిని పళ్లెరములలో పేర్చుట సులభమే. పనుల యొత్తిడిలో మేమును అట్లు చేయుదుము, అందుకు సిగ్గుపడము. అయినను నలుగు రాడువారు చాపపై కూర్చుండి మాటలాడుకొనుచు తీర్చిన గవ్వకును, అంచు మడచిన కజ్జికాయకును గల చెలువము వేఱు.

మాది నెల్లూరి సముద్రతీరము. మైపాడు ఇసుకలో గవ్వలేరి కొంగున మూటగట్టుకొనని ఆడుపిల్ల మా ప్రాంతమున అరుదు. పిండితో గవ్వ చేయుట తెలుగుదేశమంతటను కలదు గాని, నిజమైన గవ్వను చేతపట్టి చూచి దానివలె చుట్టుమని పిల్లలకు చెప్పు భాగ్యము తీరమువారిది. అరకిలో మైదాకు 60 గ్రాముల నేయి కాచి పోసి, చిటికెడుప్పు వేసి, పిండి పిడికిట పట్టిన ముద్ద కట్టునట్లు చేతులతో నలుపవలెను. పిదప నీరు కొంచెము కొంచెముగా చిలుకరించి గట్టిగా కలిపి, తడిగుడ్డ కప్పి అరగంట యుంచవలెను. ఈ అరగంటను తొందరపాటున మానువారు పెక్కురు. నీరు తగులగనే గోధుమపిండిలో గ్లూటెను అను జిగురు పుట్టి బిగిసియుండును. కొంతసేపు విశ్రమించిననే అది సడలి, చెప్పినట్లు వినును. నేయి యెందుకనగా, అది పిండిరేణువులను చుట్టుకొని ఆ జిగురును మితిమీఱనీయదు. అందువలననే గవ్వ నోట వేయగానే గుల్లవిచ్చును. నేయి తగ్గిన ఱాయి, హెచ్చిన నూనెలో విడిపోవును.

చిన్న ఉసిరికాయంత యుండను గవ్వలపీటపై నుంచి బొటనవ్రేలితో నొక్కి ముందునకు త్రోసిన, అదియే చుట్టుకొని వీపున చారలు తేలును. పీట లేనివారు క్రొత్త దువ్వెనను వాడుదురు. చారలు సొగసునకు మాత్రమే కావు. ఆ గాళ్లలో బెల్లపు పాకము నిలుచును. నడిమి బోలువలన వేడి లోనికి చేరి మధ్యభాగము పచ్చిగా నుండదు. ఇటలీ దేశమున న్యోక్కి యను వంటకమునకును గీట్లుగల చిన్న చెక్కపై ముద్దను ఇట్లే బొటనవ్రేలితో దొర్లింతురు. వారికిని మనకును నడుమ నెంత సముద్రమో! వ్రేలు మాత్రము ఒక్క తీరుగనే నడచినది.

పాకము వలదనువారికి కారపు గవ్వలు మేలు. పిండిలో వాము, కారము, ఉప్పు కలిపి సన్నని సెగపై వేయించిన, సాయంకాలమున వచ్చిన బంధువులకు కాఫీతోడ పెట్టుటకు వానిని మించినది లేదు. చేగోడీలును మంచివే. బియ్యపుపిండిలో గ్లూటెను లేదు గనుక చన్నీట కలిపిన పిండి చేతిలోనే విఱుగును; మరుగునీట నుడికించి కలిపిననే చుట్టుటకు వచ్చును.

ఇక పిజ్జా మాట. మా పిల్లలు గడచిన వేసవిలో దానికొఱకు పట్టుపట్టిరి. అరకిలో మైదా, 7 గ్రాముల పొడి ఈస్టు, టీచెంచాడుప్పు, రెండు పెద్దచెంచాల నూనె, 300 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీరు: పిండి యింతే. ఈస్టు పిండిలోని చక్కెరను తిని బొగ్గుపులుసు వాయువును విడుచును. ఆ వాయువు జిగురు వలలో చిక్కి పిండిని ఉబ్బించును. చలిదేశములలో దీనికై వెచ్చని చోటు వెదకుదురట. మా తీరపు టుక్కలో ఆ వెదకులాట లేదు. దానిని పలుచగా నొత్తి, గుండ్రముగా కోసి, అంచున ఐదు గాట్లు పెట్టి ఱేకులు మెలిపెట్టి, నడుమ వేయించిన ఉల్లియు టమాటయు చెంచాడుంచి, 200 డిగ్రీల వేడిగల ఓవెనులో పదునైదు నిమిషములు కాల్చితిమి. పూలవలె వచ్చినవి. చిన్నవారి విందునకు తగినవే. నేపుల్సు నగరపు పిజ్జా చేయువారి నేర్పును 2017లో యునెస్కోవారు మానవాళి సంస్కృతీ సంపదగా గుర్తించిరి. అంతటి గౌరవమునకు మన యింటి పూలు చాలవు గాని, మిగులలేదు.

ఆ నేపుల్సువారే పిజ్జా పిండిని సగమునకు మడచి, లోన కూరియుంచి అంచు మూసి కాల్చుదురు. దాని పేరు కాల్జోనె. ఆ బొమ్మను చూడగనే మా పెద్దత్తగారు "అమ్మాయీ, ఇది మన కజ్జికాయ కన్నగారే గదా" అనిరి.

కజ్జికాయకు చుట్టములు పెక్కుమంది. కన్నడమువారి కర్జికాయి, మహారాష్ట్రుల కరంజి, అరవవారి సోమాసి, హోలీనాటి హిందూస్థానీ గుజియా, అన్నియు నొక్క తల్లి బిడ్డలే. దీని గుట్టంతయు అంచులో నున్నది. లోనిపొడి, అనగా ఎండుకొబ్బరి, వేయించిన శనగపప్పు, గసగసాలు, ఏలకులు, చక్కెర, బాగుగ పొడిగా నుండవలెను. తడియున్న నది నూనెలో ఆవిరియై అంచును చీల్చును. పొడి బయటపడి మాడి బాండలి నంతయు చెఱచును. కొందఱు అచ్చులో నొత్తుదురు, కొందఱు పండ్లచక్రముతో కోయుదురు. చేతితో మడచినదానికి ఆ రెండును సాటిరావు: కొనయొద్ద చిటికెడు పిండిని లాగి, నొక్కి, లోనికి మడచి, ఆ మడతపై మరియొక మడత, జడ యల్లినట్లు. పండ్లచక్రపు అంచు ఒంటిపొర. మడచినది త్రాటివలె రెండింతల బలము.

ఆ మడతలో మా పెద్దత్తగారికి మించినవారిని మేము చూడలేదు. ఒక్కొక్కదానికి ఇరువది మడతలకు తక్కువ యుండదు. ఆమె యిరువదినాల్గవ యేట భర్తను గోల్పోయి, నలువది యేండ్లుగ ఈ యింటనే యున్నారు. పండుగల కన్నిటికి ఆమె చేయి కావలెను. పెండ్లి సారె యనగానే ఆ చేయి తప్పించుకొని పెరటిలోనికి పోవును. ఎవరును పొమ్మనరు; ఎవరును రమ్మనరు. ఇదియే మాకు మింగుడుపడని సంగతి.

గత మాఘమున మా చిన్న యాడుబిడ్డ పెండ్లి జరిగినది. సారెకు నూటొక్క కజ్జికాయలు. పిండి కలిపి పీటలు వేయగానే పెద్దత్తగారు యథాప్రకారము లేచిరి. మేము "మీరు కూర్చుండిననే అంచు నిలుచును, మాకు రాదు" అంటిమి. వచ్చియున్న బంధువు లొకరు, వయసున పెద్దవారు, "శుభకార్యమున ఆ చేయి యెందుకమ్మా?" అనిరి. గది యంతయు మాట పడిపోయినది. మా అత్తగారు తల వంచుకొనిరి. అప్పుడు పెండ్లికూతురే వచ్చి, "పెద్దమ్మ మడవని కజ్జికాయ నాతోడ రానక్కఱలేదు" అని పీటను ఆమె ముందునకు జరిపినది.

1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిరి. ఆ యాడువారికి పెండ్లియే శుభమైనప్పుడు పెండ్లి కజ్జికాయ అశుభ మెట్లగునో ఆ బంధువులు చెప్పలేదు, మేమడిగితిమి. మా నెల్లూరి తిక్కన సోమయాజి తెనుగు భారతమును చేపట్టినది విరాటపర్వముతో. అందు పాంచాలి సైరంధ్రియై యొరులయింట నుండును. అమరకోశము ఆ పదమునకు పరగృహమున నుండియు స్వవశయై శిల్పము చేయునది యని చెప్పుచున్నది. చిన్ననాడు మా తండ్రిగారు వల్లె వేయించిన ఆ మాట మా కానాడు పెద్దత్తగారి వ్రేళ్లను చూచుచుండ అర్థమైనది.

బంధువులు భోజనముచేయకయే తరలిరి. అది మాకు కష్టముగనే తోచినది; రాకపోకలు నేటికిని సరిపడలేదు. సారె మాత్రము ఒక్క కాయయు చిట్లక పోయినది. వియ్యపురాలు పంచిపెట్టుచు ఈ అంచు ఎవరి పనియని అడిగినదట. మా యాడుబిడ్డ దాచక, పెద్దమ్మదని చెప్పినది. వియ్యపురాలు కొంతసేపు ఊరకుండి, మరియొకటి తీసికొని నడుమ విఱువక అంచునుండి తిన్నదట. ఆ యూరకుండుటకు అర్థ మేమో మాకు తెలియదు.

ఇప్పుడు పెద్దత్తగారికి బొటనవ్రేలి కీలు నొప్పి. పదునొకండు మడచిన పిదప వేడినీట చేయి పెట్టుకొనవలసివచ్చుచున్నది. ఆదివారములందు మా వీధి పిల్లలు నలుగురు వచ్చి నేర్చుకొనుచున్నారు. అందొకడు మగపిల్లవాడు, వాని మడతయే తిన్నగా వచ్చుచున్నది. మొన్న ఆడుబిడ్డ సీమంతమునకు ముహూర్తము పెట్టుకొన్నట్లు వియ్యాలవారు కబురుపంపిరి. పెద్దత్తగారు ముహూర్త మెన్నడో యడుగలేదు. కొబ్బరిచిప్పలు ఇప్పుడే యెండబెట్టవలెనా, వానలు వెలిసిన పిదపనా యని యడిగిరి.