చివరి ఆయకట్టు: కడపలో రెండు ఇంటర్నెట్ లైన్ల పంపకం

కె.సి. కాలువ తల కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్ర మీద ఉంటే, దాని తోక కడప దగ్గర ఉంది. 1860వ దశకంలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించిన ఈ కాలువను 1882లో ప్రభుత్వం తన చేతికి తీసుకుంది. తల దగ్గర గేజీలో నీటిమట్టం నిండుగా కనిపించే రోజున కూడా చివరి ఆయకట్టులోని మడి ఎండిపోవచ్చునన్న సంగతి కడప రైతుకు ఒకరు చెప్పవలసినది కాదు. కడప శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కళాశాల సర్వరు గదిని చూడబోయేవారు ఈ సంగతిని మనసులో ఉంచుకొని వెళ్ళడం మంచిది, ఎందుకంటే అక్కడ రెండు ఇంటర్నెట్ లైన్ల మధ్య జరిగే పంపకంలోని అసలు చిక్కు కూడా ఇదే.

కర్నూలు నుంచి బయలుదేరేవారు ముందుగా బానకచెర్ల క్రాస్ రెగ్యులేటర్‌ను చూస్తే పంపకమనే మాట కంటికి కడుతుంది. శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు గేట్ల ద్వారా వచ్చిన నీరు అక్కడ మూడుగా చీలి, ఒక పాయ తెలుగుగంగకు వెలుగోడు వైపు, ఒకటి శ్రీశైలం కుడి కాలువలో గోరకల్లు వైపు, మరొకటి నిప్పులవాగులోకి పోతుంది. ఏ గేటు ఎంత ఎత్తితే ఆ పాయకు అంత నీరు. ఒకటికి మించిన ఇంటర్నెట్ లైన్లు ఉన్న సంస్థలో బయటికి వెళ్ళే రాకపోకలను ఆ లైన్ల మధ్య ఇలాగే నిష్పత్తి ప్రకారం పంచడాన్ని లోడ్ బ్యాలెన్సింగ్ అనీ, ఒక లైను పడిపోయినప్పుడు మిగిలినదాని మీదికి మళ్ళించడాన్ని ఫెయిలోవర్ అనీ అంటారు.

అయితే కాలువతో పోలిక అక్కడితో ఆగిపోతుంది. వేర్వేరు కాలువల్లో వచ్చిన నీరు ఒకే చెరువులో చేరితే ఏ చుక్క ఎటునుంచి వచ్చిందని ఎవరూ అడగరు గాని, ఇంటర్నెట్‌లో ప్రతి లైనుకూ దాన్ని ఇచ్చిన కంపెనీ కేటాయించిన ఐపీ చిరునామా వేరుగా ఉంటుంది. లోపలి కంప్యూటరు పంపిన ప్యాకెట్లు, అంటే సమాచారపు చిన్న చిన్న పొట్లాలు, గడప దాటేటప్పుడు పంపకం చేసే పరికరం వాటి మీద ఆ లైను చిరునామాను వేసి పంపుతుంది. అవతలి సర్వరు ఆ చిరునామానే గుర్తుపెట్టుకొని దానికే జవాబిస్తుంది. ఒకే సంభాషణలోని సగం పొట్లాలు ఒక చిరునామాతోనూ సగం మరొక దానితోనూ వస్తే, అవతలి సర్వరుకు అవి ఇద్దరు వేర్వేరు మనుషుల మాటలుగా కనిపిస్తాయి. అందువల్ల పంపకంలో కొలమానం పొట్లం కాదు, సంభాషణ. ఒకసారి ఒక లైనులో మొదలైన సంభాషణ ముగిసేదాకా ఆ లైనులోనే సాగాలి. 200 ఎంబీపీఎస్ లైనూ 100 ఎంబీపీఎస్ లైనూ ఉన్న కళాశాలలో ఒక్క ఫైలును ఒకే సంభాషణలో దింపుకునే విద్యార్థికి 300 వేగం ఎన్నడూ రాదు, అయినా మూడు వందల మంది ఒకేసారి కూర్చున్నప్పుడు రెండు లైన్లూ నిండుగా పనిచేస్తాయి. ఈ తేడా చెప్పకుండా రెండో లైను కొనిపించడం న్యాయం కాదు.

సర్వరు గదిలో నేల కడప బండలది, కిటికీకి అడ్డంగా అట్టముక్క, ఒక మూల యూపీఎస్ బ్యాటరీలు. మే నెలలో బయట ఎండ 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలు కాబట్టి ఏసీ ఆగితే ముందు భయపడవలసింది ఈ గదికే. పంపకం చేసే పరికరం అరచేతి కన్నా కొంచెం పెద్దదైన, ఫ్యాను లేని నల్లటి పెట్టె. అందులో నడిచేది ఫ్రీబీఎస్‌డీ మీద కట్టిన, మొదటి విడుదల 2006లో వచ్చిన పీఎఫ్‌సెన్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. పెట్టెకు ఎర్ర తీగ ఒకటి, నీలం తీగ ఒకటి రెండు కంపెనీల ఓఎన్‌టీల నుంచి, అంటే ఫైబరు కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చే డబ్బాల నుంచి వస్తాయి. డబ్బాలు రెండూ లోపలి వైపు 192.168.1.1 అనే ఒకే చిరునామాతో వస్తే పరికరానికి ఏది ఏ గడపో తెలియదు గనుక నిర్వాహకుడు మొట్టమొదట వాటిలో ఒకదాని చిరునామా మారుస్తాడు.

ఆ తరువాత రెండు లైన్లనూ కలిపి గేట్‌వే గ్రూపు కడతారు. గ్రూపులో ఒకే అంతస్తున ఉన్న లైన్లు పని పంచుకుంటాయి, కింది అంతస్తులో ఉన్నది పైది పడినప్పుడే లేస్తుంది. పెద్ద లైనుకు 2, చిన్నదానికి 1 అని బరువులు ఇస్తే సంభాషణలు ఆ వంతున చీలుతాయి. హాస్టళ్ళకూ గ్రంథాలయానికీ ఈ పంపకం సరిపోతుంది. బ్యాంకు సైట్లు మాత్రం మధ్యలో చిరునామా మారితే వినియోగదారుణ్ణి బయటికి నెట్టేస్తాయి కాబట్టి, ఒక కంప్యూటరు సంభాషణలన్నీ కొంతసేపు ఒకే లైనుకు అంటిపెట్టుకొనే ఏర్పాటు చేస్తారు. ఆన్‌లైన్ పరీక్షలు జరిగే ల్యాబుకు అసలు పంపకమే పెట్టరు. దానికి మొదటి లైను పై అంతస్తు, రెండోది కింది అంతస్తు. ఈ నిర్ణయం చాలా సరైనది, ఎందుకంటే పరీక్ష రాసే పిల్లకు కావలసింది వేగం కన్నా నిలకడ. గ్రూపు కట్టినంత మాత్రాన పని కాదు, ఫైర్‌వాల్ నియమం ఆ గ్రూపును పేరుపెట్టి చూపాలి. పైగా కళాశాల లోపలి సర్వర్లకు వెళ్ళేవాటిని వదిలిపెట్టే నియమం దానికి పైన ఉండాలి. లేకుంటే పక్క గదిలోని గ్రంథాలయ సర్వరును వెతుకుతూ పొట్లాలు ఇంటర్నెట్‌లోకి పోయి దారి తప్పుతాయి.

ఇక చివరి మడి సంగతి. లైను బతికి ఉన్నదా అని పరికరం అర సెకనుకు ఒకసారి ఒక చిరునామాను పలకరిస్తుంది. ఆ చిరునామాగా ఎవరూ ఏమీ చెప్పకపోతే అది తన ఎదుటి గేటునే, అంటే అదే గదిలో గోడకు తగిలించిన ఓఎన్‌టీ డబ్బానే, ఎంచుకుంటుంది. ఊరి బయట రోడ్డు వెడల్పు పనిలో ఫైబరు తెగినా డబ్బాకు కరెంటు ఉన్నంతకాలం అది ‘ఉన్నాను’ అని జవాబిస్తూనే ఉంటుంది. అప్పుడు పంపకంలో ఒక వంతు సంభాషణలు తెగిన తీగలోకి పోయి చస్తాయి: ఒక పేజీ తెరుచుకుంటుంది, పక్క పేజీ తెరుచుకోదు, బొమ్మలు సగం వస్తాయి, తప్పు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఒకే లైనుండి అది పోయినా ఇంత అయోమయం ఉండదు. చెరువు కింది నీరుగంటి తూము దగ్గరే కూర్చుండిపోకుండా చివరి మడి దాకా గట్టు వెంట నడిచి చూసి వస్తాడు. పరికరానికీ ఆ నడక నేర్పాలి. అందుకే ఇక్కడ ఒక లైనుకు 8.8.8.8, రెండోదానికి 1.1.1.1 అని, దూరాన ఉన్న రెండు వేర్వేరు ప్రసిద్ధ చిరునామాలను కాపలాకు పెట్టారు. ఒకే చిరునామాను రెండింటికీ వాడితే దానికి దారి ఒక్క లైనులోనే పడుతుంది కాబట్టి వేర్వేరుగా ఉండడం తప్పనిసరి.

పరికరంలో ఎంత శ్రద్ధ చూపినా గోడ బయట జరిగేదాన్ని అది ఆపలేదు. తవ్వకం ఖర్చూ కాలమూ మిగులుతాయి కాబట్టి ఆంధ్రప్రదేశ్‌లో ఫైబరు తీగలు విద్యుత్ స్తంభాల మీదుగా సాగడం మామూలైంది. ప్రభుత్వ సంస్థ ఏపీ ఫైబర్‌నెట్ కూడా చాలావరకు ఆ పద్ధతినే ఎంచుకుంది. రెండు కంపెనీల లైన్లు ఒకే స్తంభం మీదుగా వస్తే, గాలివానకు ఆ ఒక్క స్తంభం ఒరిగినప్పుడు రెండూ కలిసే పోతాయి. ఈ కళాశాలలో ఒక తీగ ముందు గేటు స్తంభం నుంచి, రెండోది వెనుక ప్రహరీ కింద పైపులో వస్తున్నాయి, అన్నిటికీ కింది అంతస్తులో ఒక 4జీ సిమ్ము ఉంది.

పరీక్షల ముందు వారంలో నిర్వాహకుడు ఒక ప్రయోగం చేస్తాడు. మొదటి ఓఎన్‌టీ నుంచి పసుపు రంగు ఫైబరును మెల్లగా బయటికి లాగుతాడు. డబ్బా మీద ఎల్‌ఓఎస్ అనే దీపం ఎర్రగా కొట్టుకోవడం మొదలవుతుంది. “అన్నా, ఎర్రలైటు పడిండాది” అని సహాయకుడు చెప్పేసరికి తెర మీద మాత్రం ఆ లైను ఇంకా పచ్చగానే ఉంటుంది. నిమిషంలో 120 పలకరింపులు. వాటిలో 20 శాతం, అంటే 24 పోతేగాని లైను పడినట్టు పరికరం తీర్పు చెప్పదు. అందుకు 12 సెకన్లు, జవాబు రాలేదని తేల్చుకోవడానికి మరో రెండు. పద్నాలుగు సెకన్లకు అటూ ఇటుగా పచ్చరంగు ఎర్రబడి, తెగిన లైనులోని పాత సంభాషణలు తుడిచివేయబడి, పరీక్ష ల్యాబు రెండో లైను మీదికి మారుతుంది. ఫైబరు మళ్ళీ పెట్టాక లైను తిరిగి గ్రూపులో చేరడానికి దాదాపు నిమిషం పడుతుంది. కొత్త సంభాషణలు దాని మీదికి వస్తాయి, రెండో లైనులో మొదలైనవి అక్కడే ముగుస్తాయి. తీగ తీసిన గడియ, పరికరం గుర్తించిన గడియ, లైను తిరిగి చేరిన గడియ మూడింటినీ అతను తేదీ పక్కన నోటుపుస్తకంలో రాసుకొని, నీలం తీగ వైపు తిరుగుతాడు.