‘అమ్మ’కి ఎన్ని అక్షరాలు? పీహెచ్‌పీకి మేం నేర్పిన లెక్క

పోస్టు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

‘అమ్మ’ అంటే ఎన్ని అక్షరాలు? ఒకటో తరగతి పిల్లోడైనా రెండు అంటాడు. పీహెచ్‌పీని స్ట్రెలెన్‌తో అడిగితే 12 అంటది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు. అ, మ, పొల్లు, మ, మొత్తం నాలుగు గుర్తులు. ఎంబీ స్ట్రెలెన్ 4 అంటది. గ్రాఫీమ్ లెక్క మా లాప్‌టాప్‌లో 3 అంది, ‘మ్’ దగ్గర తెంపేసి. ఒత్తుని విడగొట్టకూడదనే రూలు తెలుగుకి వచ్చింది 2023లో, యూనికోడ్ 15.1తో. మా దాంట్లో ఉన్నది అంతకుముందుది.

ఈ లెక్కతో మాకు పనేంటంటే, మేం నలుగురం ఉంగుటూరు హాస్టల్లో ఉండి గూడెంలో చదువుతున్నాం. (గూడెం అంటే ఇక్కడోళ్లకి తాడేపల్లిగూడెం, మనకేమో మన ఊరు!) మా నాలుగిళ్లలోనూ కాలేజీ మొహం చూసింది మేమే మొదలు. కోయ మాటలు తెలుగు లిపిలో రాసి, ఊళ్లో చిన్నపిల్లల కోసం వెబ్‌లో ఒక ఆట చేస్తున్నాం. ‘ఏరు’ అంటే మనకి నీళ్లు, ఇక్కడ పల్లంలో వాగు. అలాంటి మాటలు. రెండక్షరాలవి ఒక గడిలో, మూడక్షరాలవి ఇంకో గడిలో పడాలి. లెక్క తప్పితే ఆటే లేదు.

నిజం చెప్పాలంటే ఇది పీహెచ్‌పీలోనే పది లైన్లలో రాసెయ్యొచ్చు. సీలో ఎక్స్‌టెన్షన్‌గా రాసింది భయం తీరడానికి. సీ అంటే పరీక్షకి బట్టీ పట్టే సబ్జెక్టు అనుకునే వాళ్లమే మనందరం. పీహెచ్‌పీ కూడా సీలో రాసిందే, దాని కడుపులోకి మన ఫంక్షన్ ఒకటి పంపొచ్చు అని తెలిశాక ఊరుకోబుద్ధి కాలేదు.

పీహెచ్‌పీ సోర్స్‌లో ఎక్స్‌ట్ స్కెల్ అనే స్క్రిప్టు ఉంటది. పేరిస్తే ఖాళీ ఇల్లు కట్టిస్తది: ఒక సీ ఫైలు, ఒక కాన్ఫిగ్ ఎం4 ఫైలు. సీ ఫైల్లో మన లెక్క రాశాం. అచ్చుగానీ హల్లుగానీ వస్తే ఒకటి కలుపు, దాని ముందు పొల్లు ఉంటే కలపకు. గుణింతం గుర్తుల్నీ సున్నానీ వదిలెయ్. అంతే. తర్వాత పీహెచ్‌పైజ్, కాన్ఫిగర్, మేక్ కొడితే మాడ్యూల్స్ ఫోల్డర్లో డాట్ ఎస్‌వో ఫైలు తయారు. దాన్ని మేక్ ఇన్‌స్టాల్‌తో చోట్లో పెట్టి, పీహెచ్‌పీ ఐఎన్ఐలో ఎక్స్‌టెన్షన్ లైను రాయాలి.

ఒకటి గుర్తుంచుకోండి. 8.1కి కట్టిన ఎస్‌వో 8.3లో ఎక్కదు. లోపల ఏపీఐ నంబరు ఉంటది, 8.1కి 20210902, 8.3కి 20230831. రెండూ కలవకపోతే లోపలికి రానివ్వదు. అందుకే ఏ వెర్షన్‌లో నడపాలో ఆ వెర్షన్ పీహెచ్‌పైజే వాడాలి. ఇంకోటి, సీలో మెమొరీ హద్దు దాటితే ఎర్రర్ మెసేజీ కూడా రాకపోవచ్చు, ప్రాసెస్ మొత్తం కూలిపోతది.

ఇప్పుడు ‘అమ్మ’ 2, ‘చెట్టు’ 2, ‘పండు’ 2. ‘బస్’ దగ్గర మాత్రం రూములో తగువు తెగలేదు. ఛందస్సు లెక్కన పొల్లు ముందు అక్షరంలో కలిసిపోద్ది, అంటే ఒకటే. పిల్లలు రెండంటారు. ప్రస్తుతానికి పిల్లల మాటే ఉంచాం.

బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం వైపు వాళ్లు, ఈ సెలవుల్లో ఇంట్లో ముసలోళ్లని అడిగి మాటలు రాసి పంపండి. పొల్లుతో ఆగే మాటలుంటే ముందు అవి పంపండి.