బొడ్డు చుట్టూ పధ్నాలుగు

నాన్న పోయాక పంపకాల్లో నేను నోరు తెరిచి అడిగింది ఒక్క డబ్బా. జానెడు పొడుగుంటుంది. పైన నికెల్ పూత సగం లేచిపోయి ఇత్తడి కనబడుతుంది. మూత తీస్తే అడుగునా పక్కలా గచ్చులాగా గట్టిపడిన తెల్లటి పొర. మా ఊరి బావినీళ్ళు ముప్పయ్యేళ్ళు అందులో మరిగి మరిగి వదిలిపెట్టిన సున్నం అది. "ఇదేం చేసుకుంటావన్నయ్యా, పప్పులు పోసుకోవడానికి కూడా పనికిరాదు" అంది చెల్లెలు.

నాన్న కృష్ణా జిల్లాలో ఒక సర్కారు ఆస్పత్రిలో కాంపౌండరు. డాక్టర్లు వచ్చేవాళ్ళు, బదిలీ అయ్యేవాళ్ళు. నాన్న మాత్రం ఉండేవాడు. ఊళ్ళో సగం మందికి ఆయనే డాక్టరు. తక్కిన సగం మందికి డాక్టరుగారి కంటే ఒక మెట్టు పైన. ఎవరి సీసా వాళ్ళు తెచ్చుకుంటే అందులో ఎర్రనీళ్ళ మందు పోసి, కాగితాన్ని నిలువుగా మడిచి కత్తెరతో మెట్లు మెట్లుగా కత్తిరించి, సీసాకి మైదా జిగురుతో అంటించేవాడు. ఒక మెట్టు ఒక పూట. చదువురాని ముసలమ్మ కూడా ఆ కాగితాన్ని తప్పులేకుండా చదివేది.

పొద్దున్న ఆరింటికి ఆ డబ్బా కిరసనాయిలు స్టవ్వు మీదికెక్కేది. గాజు సిరంజిలని చల్లటి నీళ్ళలోనే వెయ్యాలి. మరిగే నీళ్ళలో వేస్తే టప్పున చిట్లుతాయి. గొట్టానికీ లోపలి పిస్టనుకీ గాజు మీదే ఒకే నంబరు వేసి ఉండేది. ఒకదాని పిస్టను ఇంకోదాని గొట్టంలో దూరిస్తే మందు వెనక్కి కారుతుంది, లేదా పిస్టను మధ్యలో బిగుసుకుంటుంది. అందుకని జంట విడిపోకుండా రెండింటినీ ఒకే గాజుగుడ్డ ముక్కలో చుట్టి పెట్టేవాడు. మా అమ్మ దీన్ని చూసి, "ఊళ్ళో పెళ్ళిళ్ళకి కూడా ఇంత జాతకం చూడరు" అనేది.

సూదుల కథ వేరు. అవి పారేసేవి కావు. సాయంత్రం జనం పలచబడ్డాక చిన్న సానరాయి మీద నూనెచుక్క వేసి ఒక్కొక్కదాన్నే పదును పెట్టేవాడు. పెట్టాక మొనని దూది మీదుగా మెల్లగా లాగేవాడు. దూదిపోగు పట్టుకుని వెంట వచ్చిందంటే మొన వంగి కొక్కెం తేలినట్టు, మళ్ళీ సానకి. పోగు కదలకుండా జారిందంటే "ఊఁ, ఇది పిల్లలకి" అని వేరుగా పెట్టేవాడు. పక్కన కూచుని చూసేవాణ్ణి. పిల్లల సూది అని విడిగా ఒకటి ఉందని తెలియడం అప్పట్లో ఎంత ధైర్యమో.

చెప్పుకుంటే ఇదంతా ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ డబ్బా రోజుల మీద నాకు మోజేమీ లేదు. పాపం, మరిగించేవాడు శ్రద్ధగా మరిగించినా, జ్వరాల కాలంలో బయట యాభైమంది నిలబడి ఉంటే ప్రతి సూదీ మరగాల్సినంత సేపు మరిగిందని ఎవరూ ఒట్టు వెయ్యలేరు. ఒకరి కామెర్లు ఇంకొకరికి అలాంటి సూదుల వెంటే నడిచి వెళ్ళేవి. 1986లో మద్రాసులో ఎయిడ్స్ వైరస్ బయటపడ్డాక ఆ భయానికి ఒక పేరు వచ్చింది. తరవాత కొన్నేళ్ళలో గాజు సిరంజి కనబడకుండా పోయింది. కాగితం కవరులోంచి తీసి, పొడిచి, పారేసే ప్లాస్టిక్ సిరంజిని నాన్న మొదటిసారి చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "దీనికి పనే లేదురా" అన్నాడు. మెచ్చుకున్నాడో, తన పని పోయిందన్నాడో నాకు అర్థం కాలేదు.

1974 ఎండాకాలం. నాకు తొమ్మిదేళ్ళు. రైసుమిల్లు వెనకాల గోలీలాడుతుంటే చెవి తెగిన నల్లకుక్క ఒకటి ఏ గొడవా లేకుండా వచ్చి కుడి పిక్క పట్టుకుంది. ఇంటికి ఏడుస్తూ పోతే నాయనమ్మ అప్పటికే కారం డబ్బా తెచ్చింది. గాయంలో కారం కూరితే విషం విరుగుతుందని ఆవిడ నమ్మకం. కాస్త కూరింది కూడా. పక్కింటావిడ సున్నం అంది. ఇంకొకావిడ జిల్లేడుపాలు అంది. బావిలోకి తొంగిచూస్తే నీళ్ళలో కుక్క మొహం కనబడుతుందని, చూడనివ్వొద్దని ఒక తాతగారు హెచ్చరించారు. ఆ మాట విన్నాక ఎలాగైనా బావిలోకి చూడాలని నా తాపత్రయం.

నాన్న వచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు. నన్ను బావిగట్టు మీద కూచోబెట్టి, గుడ్డలుతికే సబ్బు తెచ్చి, ధారగా నీళ్ళు పోయిస్తూ పిక్కని కడగడం మొదలుపెట్టాడు. ఎంతసేపు కడిగాడంటే కుట్టడం ఆగిపోయి నాకు విసుగొచ్చింది. ఇవాళ్టి డాక్టర్లు చెప్పేదీ మొదట అదే: సబ్బుతో, పారే నీళ్ళ కింద, పదిహేను నిమిషాలు. ఈ యాభైయేళ్ళలో అది మారలేదు.

తరవాత కుక్క సంగతి. కరిచిన కుక్క పదిరోజులు ఆరోగ్యంగా బతికుంటే దానికి పిచ్చి లేనట్టు. సూదులు మధ్యలో ఆపెయ్యచ్చు. అంచేత మా వీధిలో ఒక్కసారిగా ఆ నల్లకుక్క ప్రాణం మీదికి అందరికీ శ్రద్ధ మళ్ళింది. అమ్మ పొద్దునా సాయంత్రం రైసుమిల్లు దాకా వెళ్ళి పెరుగన్నం పెట్టి వచ్చేది. నాకేమో పథ్యం: కూరల్లో కారం లేదు, పులుపు లేదు, పెరుగు అసలు లేదు. "కరిచిందానికి పెరుగన్నం, కరిపించుకున్నవాడికి చారునీళ్ళా?" అని నేను గొడవ. దారిన పోయే ప్రతివాళ్ళూ "కాంపౌండరుగారూ, కుక్కెలా ఉంది?" అని అడిగేవాళ్ళు. నేనెలా ఉన్నానని ఎవరూ అడిగేవాళ్ళు కారు.

అయిదో రోజు కుక్క కనబడలేదు. పంచాయతీవాళ్ళు కొట్టి చంపారని కొందరు, మామిడితోటలో పడి ఉందని కొందరు. నాన్న సైకిలేసుకుని తోటలన్నీ వెతికి చీకటి పడ్డాక వచ్చాడు. మర్నాటి నుంచి లెక్క పక్కా అయింది. పధ్నాలుగూ పూర్తి చెయ్యాల్సిందే.

మందు జిల్లా ఆస్పత్రి నుంచి థర్మాస్ ఫ్లాస్కులో వచ్చేది. మా ఊళ్ళో ఫ్రిజ్ ఉన్న ఇల్లు లేదు. సోడాకొట్టులో రంపపు పొట్టులో దాచిన ఐసుగడ్డ నుంచి రోజూ ముక్క కొట్టించి తెచ్చి ఫ్లాస్కులో వెయ్యడం నా పనే. నా శిక్షకి నేనే ఐసు మోసుకొచ్చేవాణ్ణి.

పొట్ట మీదే ఎందుకు పొడుస్తారో చిన్నప్పుడు తెలియలేదు. ఆ మందు ఇప్పటిలా చుక్కలో పోయేది కాదు. పలచగా, ఎక్కువ మోతాదులో ఎక్కించాలి. అంత నీరు చర్మం కింద పట్టాలంటే వదులుగా ఉండే చోటు పొట్టే. ఒకరోజు బొడ్డుకి ఎడమ, ఒకరోజు కుడి. పొడిచిన చోట మళ్ళీ పొడవకుండా నాన్న టించరయోడిన్‌తో చిన్న చుక్క పెట్టేవాడు. వారం తిరిగేసరికి నా బొడ్డు చుట్టూ గడియారం అంకెల్లాగా చుక్కలు. ప్రతి చుక్క కిందా ఉసిరికాయంత గడ్డ. బోర్లా పడుకోలేను, నవ్వలేను, తుమ్మొస్తే భయం.

సూది కంటే ముందు ఇంకో తంతు ఉండేది. నాన్న నన్ను వాకిట్లోకి పిలిచి "ఏదీ, ఒంటికాలి మీద కుంటుకుంటూ గేటు దాకా వెళ్ళి రా" అనేవాడు. వెళ్ళొస్తే "ఇప్పుడు రెండో కాలు." అమ్మ ముగ్గు పక్కనే బొగ్గుతో గళ్ళు గీసి తొక్కుడుబిళ్ళ ఆడించేవాడు. ఏ రోజూ వదిలిపెట్టలేదు. నాతో ఎన్నడూ ఆటలాడని మనిషి. సూది ఏడుపు మరిపించడానికి ముందే లంచం ఇస్తున్నాడనుకున్నాను. ఆ పధ్నాలుగు రోజుల్లో నాకు మిగిలిన మంచి జ్ఞాపకం అదే. సూదులైపోయాక కూడా చాలా రోజులు ఆడించాడు. ఆ తరవాత ఒక రోజు ఆపేశాడు. మళ్ళీ ఎప్పుడూ ఆడలేదు.

పిచ్చికుక్క కాటుకి సూదిమందు అన్నది పారిస్‌లో లూయీ పాశ్చర్‌తో మొదలయింది. 1885 జులై 6న ఆయన దగ్గరికి తెచ్చిన జోసెఫ్ మైస్టర్‌కీ తొమ్మిదేళ్ళే. కుందేలు వెన్నుపాముని ఎండబెట్టి చేసిన మందు, పదమూడు సూదులు. వాడికంటే నాకొకటి ఎక్కువ. మన దేశంలో డేవిడ్ సెంపుల్ అనే సైనిక వైద్యుడు హిమాలయాల కింద కసౌలిలో 1911లో ఇంకో పద్ధతి పట్టుకున్నాడు. వైరస్ ఎక్కించిన జంతువు మెదడుని నూరి, కార్బాలిక్ ఆమ్లంతో వైరస్‌ని చంపి, ఆ రసాన్నే మందుగా ఇవ్వడం. తరవాత తరవాత గొర్రె మెదడు వాడేవాళ్ళు. చవక, ఎక్కడైనా చేసుకోవచ్చు. దక్షిణాదిన కూనూరులో 1907 నుంచీ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అంతకు ముందు మనవైపు వాళ్ళు కుక్క కరిస్తే కసౌలి దాకా రైలెక్కాల్సి వచ్చేది. కాలయాపన అంటే ప్రాణం మీదికొచ్చే జబ్బుకి అన్ని రోజుల ప్రయాణం!

సెంపుల్ మందు లక్షల ప్రాణాలు నిలబెట్టింది. దాంట్లో ఒక మెలిక కూడా ఉంది. గొర్రె మెదడు ఒంట్లోకి పోయినప్పుడు, దాని మీద తిరగబడ్డ మన రక్షణబలం కొందరిలో సొంత నరాల మీదికి కూడా తిరిగేది. నరం మీది పొర రెండింటికీ ఒకలాంటిదే కదా. అలాంటివాళ్ళకి సూదుల మధ్యలోనో, అయిపోయిన కొద్దిరోజులకో కాళ్ళు పట్టు తప్పేవి. కొందరు తేరుకునేవాళ్ళు, కొందరు తేరుకునేవాళ్ళు కారు.

ఇది నాకు తెలిసింది 2004 చివర్లో. మన దేశంలో గొర్రె మెదడు మందు తయారీ ఆపేశారని పేపర్లో పడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మానెయ్యమని ఇరవయ్యేళ్ళ ముందు నుంచీ చెబుతూనే ఉంది. నాన్న ఆ వార్త రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి పంచెకొంగుతో తుడుచుకుంటూ అన్నాడు:

"నిన్ను కుంటమన్నది ఆటకనుకున్నావురా?"

నేను ఏం మాట్లాడలేదు.

"కాలు తూలుతుందేమోనని చూసేవాణ్ణి. కుక్కకి పిచ్చి ఉందో లేదో తెలీదు. మందు పడుతుందో పడదో తెలీదు. మీ అమ్మకి చెప్పలేదు."

అమ్మ అప్పటికి పోయి ఆరేళ్ళు. అయినా వంటింటివైపు చూసి గొంతు తగ్గించాడు.

నాకు సూదులు పడిన రెండేళ్ళకే, 1976లో, ఇరాన్ నుంచి ఒక వార్త వచ్చింది. పిచ్చిపట్టిన తోడేళ్ళూ కుక్కలూ ఘోరంగా కరిచిన 45 మందికి, మనిషి కణాల్లో పెంచిన వైరస్‌తో చేసిన కొత్త టీకా ఆరు మోతాదులు, దానితో పాటు సీరం ఇచ్చారు. ఒక్కరూ పోలేదు. మెదడు అక్కర్లేదని, పధ్నాలుగూ అక్కర్లేదని తేలిపోయింది. అది మా ఊరి దాకా రావడానికే ఎన్నో ఏళ్ళు పట్టింది. కారణం ఖరీదు. తరవాత ఆఫ్రికా కోతి మూత్రపిండం నుంచి తీసిన వేరో కణాల్లో వైరస్‌ని పెంచడం వచ్చాక మందు దిగివచ్చింది. చర్మం పొరలోనే కొద్దిగా ఇస్తే చాలన్న పద్ధతికి 2006లో మన దేశంలో అనుమతి వచ్చాక ఒక సీసా నలుగురైదుగురికి సరిపోయింది. నన్నడిగితే ఈ కథలో పెద్ద మలుపు ఈ పొదుపే. గొప్ప మందు కనిపెట్టడం ఒక ఎత్తు, దాన్ని రైసుమిల్లు వెనకాల గోలీలాడే పిల్లాడి దాకా దించడం ఒక ఎత్తు.

కిందటేడు మనవణ్ణి కుక్క కరిచింది. హైదరాబాదులో, అపార్ట్‌మెంట్ గేటు ముందు. వాడికి ఏడేళ్ళు. కుక్క కాటు అంటే ఆటోవాడు ఇంకేమీ అడక్కుండా నారాయణగూడలో కుక్కకాటు సూదులు వేసే ఐపీఎం వైపు తిప్పాడు. నర్సమ్మ రెండు భుజాల మీదా చెరో చిన్న బొబ్బ లేచేలా సూది గుచ్చింది. ఒక్కోటి మిల్లీలీటరులో పదో వంతు. వాడు "అయిపోయిందా?" అన్నాడు, కొంచెం నిరాశగా. గాయం చుట్టూ పొడిచిన సూదికి మాత్రం కేకలు పెట్టాడు. టీకా పనిచెయ్యడానికి కొన్నాళ్ళు పడుతుంది కాబట్టి ఆలోగా కాపు కాయడానికి సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాల్ని గాయంలోనే నింపుతారు. గుర్రం రక్తం నుంచి తీసిన రకానికైతే ఒళ్ళు దద్దుర్లెక్కుతుందేమోనని ముందుగా చుక్క వేసి చూసేవాళ్ళు. ఇప్పుడు కణాల్లోనే తయారయ్యే మోనోక్లోనల్ రకం కూడా వచ్చింది. పుణె సీరం ఇన్‌స్టిట్యూట్‌ వాళ్ళది 2017లో బజారుకొచ్చింది.

0, 3, 7, 28. నాలుగే రోజులు. మూడుసార్లు అమ్మాయే తీసుకెళ్ళింది. 28వ రోజున ఫోన్ చేస్తే, "మానిపోయింది కదా నాన్నా, ఆఫీసులో సెలవు దొరకదు, వచ్చేవారం చూద్దాం" అంది. మాకు పధ్నాలుగూ ఎగ్గొట్టాలన్న ఊహే రాలేదు. భయం, నొప్పి రెండూ కలిసి మమ్మల్ని చెవి పట్టుకుని ఆస్పత్రికి లాక్కుపోయేవి. నొప్పి తీసేసిన మందుకి ఆ లాగే చెయ్యి లేదు. జబ్బు మాత్రం అదే జబ్బు. లక్షణాలు బయటపడ్డాక ఇవాళ్టికీ డాక్టర్లు చేతులెత్తేసేదే. మన దేశంలో ఏటా వేలమంది ఇంకా పోతూనే ఉన్నారు, వాళ్ళలో పిల్లలు చాలామంది.

నేనే బస్సెక్కి వెళ్ళి వాణ్ణి తీసుకెళ్ళాను. సూది అయ్యాక ఆవరణలో చెట్టు కింద నిలబెట్టి, ఎందుకన్నానో, "ఏదీ, ఒంటికాలి మీద కుంటుకుంటూ ఆ గేటు దాకా వెళ్ళి రా" అన్నాను. ఆ మందులో గొర్రె లేదని, మెదడు లేదని నాకు తెలుసు. వాడు భుజాన సంచీ నా చేతికిచ్చి, వెళ్ళి, వచ్చి, రొప్పుతూ అడిగాడు.

"ఇప్పుడు రెండో కాలా తాతయ్యా?"