కట్టు కింద చెయ్యి

పదకొండు నెలల బాబు. వాంతులు, విరేచనాలతో వడలిపోయి అర్ధరాత్రి మా వార్డుకొచ్చాడు. నరం దొరకడమే కష్టమైంది. నాలుగోసారికి ఎడమచేతి మీద సూది నిలిచింది. మళ్లీ ఊడిపోతుందన్న భయంతో అట్టముక్క పెట్టి, టేపు వేసి, వేళ్లు కూడా కనపడకుండా బ్యాండేజీ చుట్టేశాం. సెలైన్ పంపుకు తగిలించాం.

తెల్లవారుజామున ఏడుపు మొదలైంది. వాళ్ల అమ్మమ్మ నా దగ్గరికి వచ్చింది.

"సారూ, చెయ్యి ముట్టుకోనివ్వట్లేదు. ఒక్కసారి కట్టు విప్పి చూడండయ్యా."

నేను చూసింది పంపు వైపు. పచ్చదీపం వెలుగుతోంది, అంకెలు సరిగ్గా ఉన్నాయి. "మందు బాగానే పోతోందమ్మా, ఆకలికి ఏడుస్తున్నాడేమో" అన్నాను. కాసేపటికి మళ్లీ వచ్చింది. మూడోసారి అడగలేదు, నా పక్కన నిలబడిపోయింది. అప్పుడు లేచాను.

కట్టు విప్పుతుంటే ఒక్కో చుట్టూ చర్మంలో గాడిలా దిగి ఉంది. మణికట్టు కనపడలేదు. చెయ్యి తెల్లగా, చల్లగా, పిండిముద్దలా ఉబ్బి ఉంది. వేళ్ల మొదట్లో రెండు నీటిపొక్కులు. సూది నరంలోంచి జారిపోయింది. సెలైన్ అంతా చర్మం కిందికి పోతోంది.

పంపు చెడిపోలేదు. గొట్టంలో ఒత్తిడి పెరిగితేనే అది అరుస్తుంది. పసిపిల్లల చర్మం కింద భాగం మెత్తగా ఉంటుంది, ఎంత ద్రవం పోసినా చోటిస్తూ పోతుంది. ఒత్తిడి పెరిగేసరికే నష్టం జరిగిపోతుంది. మామూలు సెలైన్ కాబట్టి చెయ్యి ఎత్తిపెడితే రెండు రోజుల్లో వాపు తీసింది. అదే కాల్షియం అయివుంటే చర్మం నల్లబడి ఊడిపోయేది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె ఝల్లుమంటుంది.

ఇప్పుడు మా దగ్గర సూది గుచ్చినచోట పారదర్శకమైన ప్లాస్టరే వేస్తాం. వేలికొసలు బయటికి కనపడాలి. గంటకోసారి సిస్టర్ వచ్చి చూస్తుంది, తాకుతుంది, రెండో చేత్తో పోల్చి రాస్తుంది. తాకడం ముఖ్యం. చల్లదనం, బిగుతు కంటికి కనపడవు.

పసిబిడ్డలను వెచ్చగా ఉంచే వార్మర్ల సంగతీ ఇలాంటిదే. బిడ్డ పొట్టమీద అంటించిన ప్రోబ్ చెప్పిన వేడిని బట్టి అది పనిచేస్తుంది. చెమటకు టేపు వదిలి ప్రోబ్ పక్కకు పడిందంటే, చల్లగాలిని బిడ్డ ఒళ్లనుకుని ఇంకా ఇంకా కాస్తుంది. ఒక ఉదయం రౌండ్స్‌లో అలా ఎర్రగా కందిపోయిన బిడ్డను చూశాను. ప్రోబ్ పరుపు అంచున వేలాడుతోంది.

ప్లాస్టర్ తీయడంలోనూ ప్రమాదం ఉంది. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక పెద్ద సిస్టర్ నా చేతిలోంచి కత్తెర లాగేసుకుంది. నెలలు నిండని బిడ్డ చేతి ప్లాస్టర్ కత్తిరించబోతున్నాను. "వేలు ఎక్కడుందో కనపడుతోందా బాబూ?" అంది. దూది తడిపి, ఓపిగ్గా నానబెట్టి, అంచు నుంచి ఒలిచింది. ఆ పని పది నిమిషాలు పట్టింది. ప్లాస్టర్‌తో పాటు వేలికొస తెగిపోయిన పసిబిడ్డల గురించి ఆ తర్వాత వైద్య పత్రికల్లో చదివాను.

వైద్య పరికరాల వల్ల జరిగే హానిని నమోదు చేయడానికి 2015లో మన దేశంలో మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. డాక్టరైనా, నర్సైనా రాయవచ్చు. కానీ రాస్తే తప్పు మనమీదికొస్తుందని భయం. ఆ బాబు కేస్ షీట్‌లో నేను "వాపు ఉంది" అని మాత్రమే రాశాను. అమ్మమ్మ రెండుసార్లు చెప్పిందని, నేను లేవలేదని రాయలేదు. రాసి ఉండాల్సింది.

సూది పెట్టగానే ఇప్పుడు తల్లి చేతిని బిడ్డ చేతిమీద పెట్టించి, "ఇప్పుడు ఇలా ఉంది, తేడా వస్తే వెంటనే పిలువమ్మా, అర్ధరాత్రయినా సరే" అని చెబుతున్నాం. పోయినవారం రాత్రి రెండింటికి ఒక తల్లి సిస్టర్‌ను లేపింది. నేను వచ్చేసరికి పంపు ఆపి ఉంది, సూది తీసేసి ఉంది. బిడ్డ చెయ్యి కాస్త ఉబ్బింది, అంతే. తల్లి ఇంకా ఆ చేతిని పట్టుకునే కూర్చుంది.