ఏ తొవ్వన పోదాం?

కరీంనగర్ నుంచి ఉట్నూరు పోవాలంటే రెండు తొవ్వలున్నాయి. ఒకటి చొప్పదండి, ధర్మారం మీదుగా పోయి రాయపట్నం దగ్గర గోదావరి దాటుతుంది. అక్కడి నుంచి లక్షెట్టిపేట, జన్నారం, ఆపైన కవ్వాల్ అడవి. రెండోది జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూరు చేరి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతుంది. నిర్మల్, ఇచ్చోడ, గుడిహత్నూరు దాకా పోయి తూర్పుకు తిరగాలి. మొదటిది దగ్గర, రెండోది బాగా చుట్టు. ఫోన్‌లో మ్యాప్ తెరిచి అడిగితే నాకు ఎప్పుడూ మొదటి తొవ్వే ముందు చూపిస్తుంది. జనవరిలో అడిగినా అదే, జులైలో అడిగినా అదే. నా పేచీ అంతా అక్కడే.

కొన్నేళ్ల కింద ఒక జులైలో, ఉట్నూరు అవతల ఆశ్రమ పాఠశాలలో పనిచేసే మిత్రుడి తండ్రి పోయాడని పొద్దున్నే కబురొచ్చింది. వెంటనే బయలుదేరాను. అడవి తొవ్వ బాగానే సాగింది. ఉట్నూరు దాటినంక మ్యాప్ పెద్ద రోడ్డు విడిపించి ఓ సన్న తారు రోడ్డు పట్టించింది. అట్లా పోతే అరగంట కలిసొస్తుందని చెప్పింది. నాలుగైదు కిలోమీటర్లు పోయేసరికి ఎదురుగా వాగు, దాని మీద లో-లెవల్ వంతెన. ఎర్రటి నీళ్లు వంతెన మీది నుంచి పారుతున్నాయి. ఈ ఒడ్డున గొంగడి కప్పుకొని ఓ ముసలాయన పశువులను కాస్తూ నిలబడ్డాడు.

"తాతా, కారు పోతదా?" అని అడిగాను.

ఆయన నా దిక్కు చూడలేదు, నీళ్ల దిక్కే చూశాడు. వంతెనకు రెండు పక్కలా సున్నం కొట్టిన చిన్న చిన్న దిమ్మెలుంటాయి కదా, వాటిని కట్టెతో చూపించాడు. "గా దిమ్మెల నెత్తులు కనవడ్తున్నయా బిడ్డా? నెత్తులు కనవడితే బస్సు గుడ పోతది. కనవడకపోతే ఎడ్లబండి గుడ పోదు."

అటు ఒడ్డుకు దగ్గర రెండు దిమ్మెలు మాత్రం తెల్లగా కనబడ్డాయి. నడుమ నాలుగో అయిదో మునిగిపోయి, అవి ఉన్నచోట నీళ్లు సుడి తిరుగుతున్నాయి. ఎంతసేపు ఆగాలని అడిగితే, పైన గుట్టల్లో వాన ఆగితే రెండు గంటల్లో దిగుతుందన్నాడు. గుట్టల్లో ఆగిందో లేదో ఇక్కడి నుంచి చెప్పలేనని కూడా అన్నాడు. చేతిలో ఫోన్ చూశాను. నీలిగీత వాగు మీదుగా సాఫీగా అవతలి ఒడ్డుకు పోతూనే ఉంది. కారు తిప్పుకొని ఇంద్రవెల్లి దిక్కుగా చుట్టు తిరిగి పోయాను. మట్టి చేసే వేళకు అందలేకపోయాను.

ఆ రోజు నుంచి ఏ మ్యాప్ వాడాలన్నది నాకు చిన్న సంగతి కాదు. పట్నంలో తొవ్వ తప్పితే పది నిమిషాలు పోతాయి. ఇక్కడ ప్రాణాలు పోతాయి. ప్రతి వానకాలం వాగుల్లో కొట్టుకుపోయిన బండ్ల వార్తలు చదువుతూనే ఉన్నాం.

గూగుల్ మ్యాప్స్ బలం రద్దీ లెక్క. రోడ్డు మీద కదిలే ఫోన్ల వేగాన్నిబట్టి, అదే రోడ్డు మీద ఇదివరకటి వేగాన్నిబట్టి మనం ఎంతసేపట్లో చేరతామో చెబుతుంది. హైదరాబాద్ నుంచి కరీంనగర్ వచ్చే రాజీవ్ రహదారి మీద నాకు దానికి మించిన తోడు లేదు. కానీ గంటకు రెండు బండ్లు కూడా పోని అడవి రోడ్డు మీద ఆ లెక్కకు ఆధారం ఎక్కడిది? మన దేశపు కంపెనీ మ్యాప్‌మైఇండియా వాళ్ల మ్యాపుల్స్ కూడా నా ఫోన్‌లో ఉంది. పెద్ద కూడళ్ల దగ్గర ఏ పాయ పట్టాలో బొమ్మ వేసి చూపించడం దానిలో నాకు నచ్చిన సంగతి. 44వ నంబరు మీద పోయేటప్పుడు గంజాల్, రోల్‌మామడ టోల్ గేట్ల ఖర్చు ముందే లెక్క వేసుకోవచ్చు. మూడోది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో ఇంగ్లండ్‌లో మొదలైంది. ఎవరైనా గీయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. ఆ పటాన్ని ముందే ఫోన్‌లోకి దింపుకొని సిగ్నల్ లేకున్నా నడిపించే ఆప్‌లున్నాయి. జన్నారం దాటి అడవిలోకి దిగినంక సిగ్నల్ పోయినప్పుడు నన్ను తొవ్వ మీద నిలిపింది అదే.

ఇక పేర్లు. 2016 అక్టోబర్ 11న పాత ఆదిలాబాద్ జిల్లా నాలుగైంది. ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్. జన్నారం ఇప్పుడు మంచిర్యాల జిల్లా. పాత శుభలేఖ మీది చిరునామా కొడితే ఇప్పటికీ తికమకే. అంతకంటే బాధ పెట్టేది గూడేల పేర్లు. ఇంగ్లిష్ అక్షరాల్లోకి పోయి తిరిగి తెలుగులోకి వచ్చేసరికి టకు, తకు తేడా ఉండదు. లకు, ళకు తేడా ఉండదు. ఫోన్ తెలుగులో తొవ్వ చెబుతుంటే, ఆ ఊళ్లో పుట్టినవాడు కూడా అది తన ఊరేనని పోల్చుకోలేడు.

వానకాలానికీ పటానికీ చుట్టరికం పాతదే. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే ఉత్తరానికి సాగుతూ మన ప్రాంతం దాకా వచ్చింది. వాన వెలిసినంక గాలి తేటగా ఉండి దూరపు గుట్టలు కనబడతాయని సర్వేవాళ్లు ఆ కాలంలోనే కొలతలకు దిగేవాళ్లు. లాంబ్టన్ సహాయకుడు జార్జ్ ఎవరెస్ట్ కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో అట్లా కొలుస్తూనే తీవ్రమైన జ్వరంతో పడిపోయాడు. కోలుకోవడానికి 1820లో ఓడెక్కి ఆఫ్రికా కొసకు పోవలసి వచ్చింది. లాంబ్టన్ 1823లో నాగపూర్ పోయే దారిలో హింగన్‌ఘాట్ దగ్గర కన్నుమూశాడు. ఆదిలాబాద్ దాటి 44వ నంబరు మీద పోతే వచ్చే ఊరే అది. వాళ్ల వెంట జెండాలు మోసినవాళ్లు, చెట్లు కొట్టినవాళ్లు, గొలుసులు పట్టినవాళ్లు ఎంతమంది ఆ జ్వరాలకు పోయారో! అంత తడిసి తయారైన పటం మన చేతికొచ్చేసరికి పన్నెండు నెలలూ పొడిగా ఉంది.

ఈ నేల మీద ప్రయాణానికి ఏర్పాటు అంటే ఏమిటో నాకు గోండుల్లో మెస్రం వంశం వాళ్లను చూస్తే తెలిసింది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర. దానికి ముందు ఆ వంశపు వాళ్లు ఝరి అనే కలశం పట్టుకొని, చెప్పులు లేకుండా నడుచుకుంటూ జన్నారం మండలంలో హస్తినమడుగు దాకా పోయి గోదావరి నీళ్లు తెస్తారు. ఎప్పుడు బయలుదేరాలి, ఎక్కడ ఆగాలి అన్నది పెద్దలు కూర్చొని ముందే మాట్లాడుకుంటారు. మరి వాళ్ల తొవ్వలో ఉన్నవి కిలోమీటర్లూ నిమిషాలూ కావు. నీళ్లు దొరికే చోటు, బంధువులుండే ఊరు, రాత్రి తలదాచుకునే మర్రి చెట్టు. నేను ఏ ఆప్ తెరిచినా ఇప్పుడు వెతికేది అవే.

ఆ వాగు దగ్గరికి ఎండకాలంలో మళ్లీ పోయాను. నీటి చుక్క లేదు. దిమ్మెలు లెక్కపెట్టాను, ఒక్కో పక్క ఏడు. దగ్గరి గూడెంలో అడిగి వాగు పేరు వాళ్లు పలికినట్టే తెలుగులో రాసుకున్నాను. ఇంటికొచ్చి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఆ వంతెన మీద వరద పారుతుందని గుర్తు పెట్టాను, వాగుకు దాని పేరు పెట్టాను. పావుగంట పని. ఆ ఒక్క వాగుతో కడెం, పెద్దవాగుల్లో కలిసే వందల ఒర్రెలకు న్యాయం జరగదని తెలుసు. మన బడుల్లో తొమ్మిదో తరగతి పిల్లలు తలా ఒక్కటి రాస్తే రెండు వానకాలాల్లో పూర్తవుతుంది.

వానలు పడే రోజుల్లో ఉట్నూరు పోవలసి వస్తే ముందు రాత్రి జన్నారంలో ఉండే మిత్రుడికి ఫోన్ చేస్తాను. పోయిన ఆగస్టులో కూడా చేశాను.

"పొద్దుగాల్ల నుంచి ముసురు వడ్తున్నదన్నా. నువ్వు నిర్మల్ మీదికెళ్లి రా" అన్నాడు.

ఆర్మూరు తొవ్వ పట్టాను.